ఆ అర్జీ మీద సంతకం పెట్టాలా?

ప్రశ్న: నేను రాజోలు దగ్గర ఒక పల్లెలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా ఊరి గ్రంథాలయ సంఘానికి కార్యదర్శిని కూడా. ఆమధ్య మా వీధిలోని ఒక పెద్దాయనకు వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది. సీబీఐ అధికారులమని చెప్పుకున్నవాళ్లు ‘డిజిటల్ అరెస్టు’ అని బెదిరించి, రెండు రోజులు ఫోను ముందు నుంచి కదలనివ్వకుండా, పొలం అమ్మిన సొమ్మంతా తమ ఖాతాల్లోకి పంపించుకున్నారు. పోలీసులను అడిగితే వాట్సాప్‌లో నడిచే మాటలు తమకు కనిపించవన్నారట. దాంతో ఊళ్లో కొందరు కలిసి ‘ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌ను రద్దు చేయాలి, లేదా దాని తాళంచెవి ప్రభుత్వం దగ్గర ఉంచాలి’ అని ఒక అర్జీ రాశారు. సంఘం తరఫున నన్ను సంతకం పెట్టమంటున్నారు. ఎస్సైగా పనిచేస్తున్న మా అల్లుడు పెట్టమంటాడు. 2022లో అమలాపురం తగలబడినప్పుడు ఆ గ్రూపుల్లో ఏం రాసుకుంటున్నారో ముందే తెలిసి ఉంటే ఆపగలిగేవాళ్లమని అతని మాట. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న మా చిన్నమ్మాయి, పెడితే నాతో మాట్లాడనంటోంది. మా చెల్లెలి కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది, తన కష్టసుఖాలన్నీ వాట్సాప్‌లోనే చెప్పుకుంటుంది. తప్పు చేయనివాడికి దాపరికమెందుకు అన్న మాట కూడా నాకు సబబుగానే తోస్తోంది. ఏం చేయమంటారు?

సమాధానం: మాస్టారూ, నమస్కారం. మీరు అడిగినదానికి ముందు సూటిగా చెబుతాను. ఆ అర్జీ ఇప్పుడున్న రూపంలోనే ఉంటే సంతకం పెట్టకండి. అలాగని అర్జీ ఆలోచననే మానుకోమని అనడం లేదు. మీ వీధి పెద్దాయనకు జరిగింది ఘోరమైన అన్యాయం, దాని మీద ఊరు కదలడం మంచిదే. కానీ అర్జీలో అడిగినది రేపు ప్రభుత్వం ఇచ్చేసినా అటువంటి మోసాలు ఆగవు, ఇప్పుడు లేని ఇంకో ప్రమాదం మాత్రం ఊళ్లో ప్రతి ఇంటికీ వస్తుంది. అడగవలసినవి వేరే ఉన్నాయి, అవి మీ అల్లుడుగారి ఉద్యోగానికి అడ్డు వచ్చేవి కావు.

పెద్దాయన సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ అర్జీ పుట్టింది అక్కడే. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటే, పంపేవారి ఫోనులోనే మాట గూఢలిపిగా మారిపోయి, అందుకునేవారి ఫోనులో మాత్రమే మళ్లీ మామూలు మాటగా విడివడటం. దాన్ని విప్పే తాళంచెవి ఆ రెండు ఫోనుల్లోనే తయారై అక్కడే ఉంటుంది కనుక, నడుమ ఉన్న కంపెనీకి గానీ, టెలికాం సంస్థకు గానీ, దారిలో కాపు వేసిన మరెవరికి గానీ అర్థం లేని అక్షరాలు తప్ప ఏమీ కనిపించవు. వాట్సాప్‌లో 2016 ఏప్రిల్ నుంచి ఇది వాడేవారందరికీ వర్తిస్తోంది. మరి ఈ మోసంలో ఆ రెండు ఫోనుల్లో ఒకటి పెద్దాయనదే కదా. దొంగలు పంపిన నకిలీ వారంటు కాగితాలు, వాళ్లు పిలిచిన నంబర్లు, డబ్బు వేయమని ఇచ్చిన ఖాతాల వివరాలు, ఆయన చెరిపివేయకపోతే, చదవదగ్గ రూపంలోనే ఆయన చేతిలో ఉన్నాయి. ఆయన అంతట ఆయనే ఆ ఫోనును దర్యాప్తు అధికారికి చూపిస్తుంటే ఇక విప్పవలసిన తాళమేదీ లేదు. వీడియో కాల్‌లో అన్న మాటలు దొరకవు, నిజమే. కానీ ఈ తరహా రహస్యం లేని మామూలు ఫోను కాల్ అయినా, ముందే ఉత్తర్వు తీసుకుని ఆ సమయంలో వింటే తప్ప, నిన్న మాట్లాడినదాన్ని ఇవాళ ఎవరూ తెప్పించలేరు.

పోలీసులు చెప్పినది అందువల్ల సగమే నిజం. మాటల సారాన్ని కంపెనీ ఇవ్వలేదు, తన దగ్గర లేదు గనుక. అయితే ఆ ఖాతా ఏ నంబరు మీద, ఎప్పుడు మొదలైంది, చివరిసారి ఎప్పుడు వాడారు, ఇంటర్నెట్‌లో ఆ ఫోను జాడ తెలిపే ఏ ఐపీ చిరునామా నుంచి వాడారు అన్న వివరాలు కంపెనీ దగ్గర ఉంటాయి, చట్టప్రకారం అడిగితే ఇస్తుంది. ఆ సిమ్ ఎవరి పేరు మీద, ఏ దుకాణంలో అమ్ముడైందో టెలికాం సంస్థ చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యమైన ఆనవాలు డబ్బు నడిచిన దారి. కమీషన్ కోసం ఎవరో తమ ఖాతాను అద్దెకిస్తారు, సొమ్ము అందులో పడ్డ కొద్ది గంటల్లోనే పది ఖాతాల్లోకి చీలిపోతుంది. దాన్ని అందుకోవాలంటే వేగం కావాలి, బ్యాంకుల సహకారం కావాలి, చాలినంత మంది శిక్షణ పొందిన సిబ్బంది కావాలి. సైబర్ మోసాల ఫిర్యాదులకు 1930 నంబరు పెట్టింది ఆ వేగం కోసమే. పెద్దాయన ఫిర్యాదు అక్కడ ఇంకా నమోదు కాకపోతే ఇప్పటికైనా చేయించండి, ఎక్కడైనా కొంత మొత్తాన్ని బ్యాంకు నిలిపివేసి ఉంటే కోర్టు ఉత్తర్వుతో తిరిగి పొందే వీలుంది. ఈ ముఠాలు చాలావరకు కంబోడియా, మయన్మార్, లావోస్ వంటి దేశాల్లో ఉన్నాయి. ఉద్యోగాల ఆశ చూపించి అక్కడికి చేర్చిన మన రాష్ట్రపు యువకుల చేతనే బలవంతంగా ఈ పని చేయించారని 2024లో విశాఖపట్నం పోలీసుల దర్యాప్తులో తేలింది. అటువంటి ముఠా మన ప్రభుత్వం దగ్గర తాళంచెవి ఉన్న యాప్‌ను వాడుతుందా? చెవి లేని ఇంకో యాప్‌కు ఆ సాయంత్రమే మారిపోతుంది, గూఢలిపి గణితం పుస్తకాల్లో అందరికీ దొరికేదే. చెవి ఇచ్చిన యాప్‌లో మిగిలేది మీరూ, నేనూ, పెద్దాయనా.

ఇక ‘తాళంచెవి ప్రభుత్వం దగ్గర ఉంచాలి’ అన్న మాట. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మంచి అధికారి చేతిలో, మంచి పనికి మాత్రమే వాడే చెవి ఒకటి ఉంటే తప్పేమిటి అనిపిస్తుంది. ఇక్కడ చిక్కు అధికారి మంచితనంలో లేదు, ఆ ఏర్పాటు స్వభావంలోనే ఉంది. ఎవరి చేనుకో నీళ్లు కావాలని ఏటిగట్టుకు గండి కొడితే ఆ నీరు ఆ ఒక్క చేను దగ్గర ఆగదని, 1986 ఆగస్టు వరద చూసిన గోదావరి మనిషికి నేను చెప్పనక్కరలేదు. అందరి మాటలనూ విప్పగల ఏర్పాటు ఒకటి ఉన్నదంటే, దాని జాడ తెలిసిన ప్రతివాడూ దాని కోసమే ప్రయత్నిస్తాడు. ఇది ఊహించి చెబుతున్నది కాదు. గ్రీసులో 2004, 2005 సంవత్సరాల్లో ఒక మొబైల్ సంస్థ యంత్రాల్లో చట్టబద్ధ నిఘా కోసం పెట్టిన సదుపాయాన్ని గుర్తు తెలియనివారు రహస్యంగా నడిపించుకుని, ఆ దేశ ప్రధానమంత్రితో సహా వందమందికి పైగా ఫోన్లు నెలల తరబడి విన్నారు. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం టెలికాం సంస్థలు తమ వ్యవస్థల్లో పోలీసుల కోసం వినే ఏర్పాటు ఉంచాలి. చైనాతో సంబంధమున్న హ్యాకర్లు ఆ సంస్థల్లోకి చొరబడి, కోర్టు ఉత్తర్వులపై పోలీసులు కోరిన సమాచారంలో కొంత భాగాన్ని కూడా కాపీ చేసుకున్నారని 2024 నవంబరులో ఆ ప్రభుత్వమే ప్రకటించింది. ఆ మరుసటి నెలలో అక్కడి సైబర్ భద్రతా సంస్థ, ముప్పు ఎక్కువగా ఉన్న ఉన్నతాధికారులూ నాయకులూ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లనే వాడాలని సలహా ఇచ్చింది. పోలీసుల కోసం దారి ఉంచాలని దశాబ్దాలుగా వాదించిన దేశం ఆ సలహా ఇవ్వవలసి రావడం నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి.

మీ మేనకోడలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కోనసీమ నుంచి, ఆ పక్కనున్న పశ్చిమ గోదావరి పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన ఆడపిల్లలు ఎందరో. జీతం ఇవ్వలేదని, పాస్‌పోర్టు లాక్కున్నారని, ఒంటి మీద చెయ్యి వేశారని ఇంటికి చెప్పుకునే దారి ఆ ఫోనొక్కటే. మన ప్రభుత్వం అడిగిందని ఒక కంపెనీ చెవి తయారుచేస్తే, అదే కంపెనీని అదే చెవి ఇమ్మని అక్కడి ప్రభుత్వం అడగకుండా ఉంటుందా? అడిగితే ఏ న్యాయంతో కాదంటుంది? తప్పు చేయనివాడికి దాపరికమెందుకు అన్నారు మీరు. ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు, కానీ ఆమె మాట ఆమె యజమాని చెవిన పడకూడదు. మీ బడిలో పనిచేసిన ఏ ఉపాధ్యాయిని అయినా తన జబ్బు గురించి అక్కకు రాసుకున్నదీ, ఎవరైనా రైతు తన అప్పు గురించి వియ్యంకుడికి తెలియకూడదనుకున్నదీ తప్పు కాదు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించారు. తప్పు చేయని మనిషికే ఆ హక్కు ఎక్కువ అవసరం.

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి మీ చిన్నమ్మాయిదే గెలుపని అనుకోకండి. మీ అల్లుడుగారు చెప్పే అవసరం నిజమైనది. పిల్లల మీద జరిగే అఘాయిత్యాల దృశ్యాలను చేతులు మార్చుకునేవారు, మనుషులను అమ్మేవారు, బాంబు పెట్టేవారు కూడా ఈ తాళం చాటునే మాట్లాడుకుంటారు. వాళ్ల విషయంలో ప్రభుత్వానికి ఏ దారీ ఉండకూడదని నేను అనను. అలా అనేవారు ఎత్తుకుపోయిన బిడ్డ తల్లి ఎదురుగా నిలబడి ఆ మాట చెప్పగలగాలి. అయితే అమలాపురం ఉదాహరణ మాత్రం ఆయన వాదానికి బలం చేకూర్చదు. 2022 మే 24న జరిగిన దారుణంలో మంత్రి ఇల్లూ, శాసనసభ్యుడి ఇల్లూ తగలబడ్డాయి, అందులో సందేహం లేదు. కానీ కలెక్టరేట్‌కు కదలాలన్న పిలుపు రహస్యమైనది కాదు, జిల్లా పేరు మార్పు మీద కొన్ని రోజులుగా రగులుతున్న ఆవేశమూ రహస్యమైనది కాదు. వందలమంది ఉన్న గ్రూపులో పెట్టిన మాటకు ఎన్‌క్రిప్షన్ కాపలా కాయలేదు, అందులో ఏ ఒక్క సభ్యుడు ఫోను చూపించినా అది బయటపడుతుంది. తరువాత నిందితులను గుర్తించిందీ అలాగే: గ్రూపుల్లోని సందేశాలు, సీసీ కెమెరాలు, వీడియోలు. ఆ రోజుల్లో అసలు నష్టపోయింది జిల్లా మొత్తం. ఇంటర్నెట్ ఆపేయడంతో ఇంటి నుంచి పనిచేసే పిల్లలు పొరుగు జిల్లాలకు పరుగులు తీశారు, ఫోనులో డబ్బు పంపుకునే చిన్న వ్యాపారులు చేతులు కట్టుకు కూర్చున్నారు. అందరికీ కలిపి వేసే శిక్ష ఎలా ఉంటుందో మీ జిల్లాకు అప్పుడే తెలిసింది, అందుకే అందరికీ కలిపి తాళం తీసేయమన్న అర్జీ అక్కడి నుంచే రావడం నాకు బాధ కలిగించింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రభుత్వానికి అధికారం లేదని అర్జీ రాసినవారు అనుకుంటున్నట్టుంది. అధికారం బోలెడంత ఉంది, లేనిది లెక్క అప్పజెప్పే ఏర్పాటు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఫోన్లు వినే అధికారాన్ని ఇచ్చింది, అదే ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలోకి వచ్చింది. పాత చట్టం ప్రకారం ప్రజా అత్యవసర పరిస్థితి గానీ, ప్రజల భద్రతకు సంబంధించిన అవసరం గానీ ఉండాలి. ఐటీ చట్టం 69వ సెక్షన్‌కు ఆ మాత్రం షరతు కూడా లేదు, ఏ నేరం దర్యాప్తుకైనా సరే కంప్యూటర్లలోని సమాచారాన్ని చూడమని, గూఢలిపిని విప్పి ఇమ్మని ఆదేశించవచ్చు. సహకరించనివారికి ఏడేళ్ల వరకూ జైలు. ఆ సెక్షన్ కింద వచ్చిన 2009 నిబంధనలు మాత్రం చెవి తన ఆధీనంలో ఉన్నంతమేరకే కంపెనీ విప్పి ఇవ్వాలని పరిమితి పెట్టాయి, ఆ ఒక్క విషయంలో వాటిని రాసినవారు వివేకం చూపారు. ఈ ఆదేశాలను ఇచ్చేది కేంద్రంలో హోం కార్యదర్శి, రాష్ట్రంలో హోం శాఖ కార్యదర్శి. ఉత్తర్వు 60 రోజులు చెల్లుతుంది, మొత్తం 180 రోజులు దాటకూడదు. సరిగ్గా ఇచ్చారా లేదా అని చూసేది కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే సమీక్షా సంఘం. గమనించారా, మాస్టారూ? అడిగేది ప్రభుత్వ అధికారి, ఇచ్చేది ప్రభుత్వ అధికారి, సరిచూసేది ప్రభుత్వ అధికారులే. ఇల్లు సోదా చేయాలంటే, అత్యవసర సందర్భాలను మినహాయిస్తే, మేజిస్ట్రేటు వారంటు కావాలి. ఒక మనిషి ఆరు నెలలపాటు మాట్లాడే ప్రతి మాటా వినడానికి మాత్రం ఏ న్యాయమూర్తి సంతకమూ అక్కరలేదు.

ఈ ఏర్పాటు కూడా కోర్టు పట్టుబట్టబట్టే వచ్చింది. 1996 డిసెంబరులో పౌరహక్కుల ప్రజాసంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు, ఫోను వినడం వ్యక్తి గోప్యతలోకి చొరబడటమేనని చెప్పి, ఉత్తర్వు ఎవరివ్వాలి, ఎన్నాళ్లు చెల్లాలి, ఎవరు సమీక్షించాలి అన్నది నిర్దేశించింది. ముందుగా న్యాయమూర్తి అనుమతి ఉండాలని కూడా ఆ కేసు వేసినవారు కోరారు, చట్టంలో ఆ మాట లేదు గనుక తాము పెట్టలేమని కోర్టు అన్నది. అంటే ఆ బాధ్యత పార్లమెంటుదని. అప్పటి నుంచి పార్లమెంటు ఆ మాట పెట్టలేదు, 2023లో కొత్త చట్టం రాసే అవకాశం వచ్చినప్పుడు కూడా పెట్టలేదు. సమీక్షా సంఘం ఎంత సమీక్షించగలదో, వ్యక్తిగత సమాచార రక్షణపై కేంద్రం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018 నివేదికలో రాసింది: రెండు నెలలకొకసారి కూర్చునే ఆ సంఘం ముందు ఒక్కొక్కసారి 15,000 నుంచి 18,000 ఉత్తర్వులుంటాయట. ముగ్గురు పెద్ద అధికారులు తమ మిగతా పనులన్నీ చూసుకుంటూ అన్ని కాగితాలను చదవగలరని ఎవరైనా నమ్ముతారా? పరీక్ష పేపర్లు దిద్దిన మీకు ఆ లెక్క ఇంకా బాగా తెలుస్తుంది. పైగా ఆ ఉత్తర్వుల రికార్డులను, అవసరమనుకున్నవి తప్ప, ఆరు నెలలకొకసారి ధ్వంసం చేయాలని నిబంధన. తన ఫోను విన్నారని ఆ మనిషికి ఎప్పటికీ చెప్పరు. తెలియని అన్యాయం మీద ఎవరు కోర్టుకు వెళ్తారు?

వెళ్లగలిగిన కొద్దిమందికి న్యాయం దొరికిన సందర్భాలున్నాయి. 2019లో ఒక లంచం కేసులో, ప్రజల భద్రతకు ఏ సంబంధమూ లేని విషయానికి ఫోను విన్నారని బాంబే హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసి, విన్న రికార్డులను ధ్వంసం చేయమన్నది. 2021 అక్టోబరులో, ఫోన్లలోకి రహస్యంగా దూరే పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ వ్యవహారం వచ్చినప్పుడు, మన కృష్ణా జిల్లా వాడైన జస్టిస్ ఎన్.వి. రమణ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ధర్మాసనం, దేశ భద్రత అన్న మాట ఎత్తినంత మాత్రాన ప్రభుత్వాన్ని ప్రశ్నించకుండా వదిలేయలేమని స్పష్టంగా చెప్పి, సాంకేతిక కమిటీని వేసింది. ఆ కమిటీ పరీక్షించిన 29 ఫోన్లలో అయిదింటిలో ఏదో హానికర సాఫ్ట్‌వేర్ కనిపించింది గానీ, అది పెగాససేనని తేల్చలేకపోయింది. ప్రభుత్వం తమకు సహకరించలేదని కమిటీ చెప్పినట్టు 2022 ఆగస్టులో జస్టిస్ రమణే కోర్టులో తెలిపారు. ఇక హైదరాబాదులో 2024 మార్చిలో నమోదైన కేసు మీరు పత్రికల్లో చదివే ఉంటారు. నక్సలైట్ల కదలికలు కనిపెట్టడానికి ఉన్న ప్రత్యేక విభాగపు పరికరాలతో రాజకీయ ప్రత్యర్థుల, వ్యాపారుల ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారగానే ఆధారాలను ధ్వంసం చేశారని అందులోని ఆరోపణ. నిజానిజాలు కోర్టు తేల్చాలి. నేను అడిగేది ఒక్కటే: మామూలు ఫోన్ల విషయంలోనే ఇటువంటి ఆరోపణ ఇంత పెద్దగా వచ్చినప్పుడు, అదే యంత్రాంగం చేతిలో ప్రతి వాట్సాప్ సందేశపు చెవి కూడా పెట్టమని మనంతట మనమే అర్జీ రాయవచ్చునా?

మీ అర్జీలో లేకపోయినా, ఈ చర్చలో తప్పక వచ్చే ఇంకో మాట ఉంది. మాట విప్పవద్దు, ఒక వదంతిని మొదట ఎవరు పుట్టించారో మాత్రం చెప్పాలి అని 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనలు 50 లక్షలకు మించి వాడకందారులున్న సందేశ సేవలను కోరుతున్నాయి. దీన్ని వాట్సాప్ ఆ ఏడాదే ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. నిబంధన ఉద్దేశం చెడ్డది కాదు, తీవ్రమైన నేరాలకే వర్తిస్తుంది, ఇంకో తేలిక మార్గం ఉంటే వాడకూడదని కూడా అందులో ఉంది. కానీ రేపు ఏ సందేశం గురించి అడుగుతారో ఇవాళ తెలియదు గనుక, ఆ ప్రశ్నకు సిద్ధంగా ఉండాలంటే అందరి సందేశాలకూ ముందే గుర్తు వేసి ఉంచాలి. అంటే కోట్లమంది మీద ముందుగానే నిఘా. దీనికి గూఢలిపి చెడకుండా మార్గం ఉందని ఐఐటీ మద్రాసుకు చెందిన ప్రొఫెసర్ కామకోటి 2019లో మద్రాసు హైకోర్టుకు ఒక ప్రతిపాదన ఇచ్చారు, ఐఐటీ బొంబాయికి చెందిన మరో ఆచార్యులు అది నిలబడదని రాశారు. ఇద్దరూ పెద్దలే, నాకు రెండోవారి వాదన సరైనదనిపిస్తుంది, ఎందుకంటే వేరే ఎవరి పేరో తగిలించి పంపడం నేరగాడికి కష్టం కాదు. అయితే మీలాంటి ఊరికి అంతకన్నా దగ్గరి ప్రమాదం ఆ నిబంధన చివర్లో ఉంది. మొదట పంపినవారు విదేశంలో ఉంటే, దేశంలో దాన్ని మొదట పంపినవారినే పుట్టించినవారిగా భావించాలట. కువైట్ నుంచి మీ మేనకోడలు నిజమనుకుని పంపిన ఒక వీడియోను మీ చెల్లెలుగారు వీధి గ్రూపులో పెడితే, లెక్క ప్రకారం ఆ వదంతి పుట్టింది మీ చెల్లెలుగారి ఇంట్లో. గల్ఫ్‌లో మనుషులున్న ప్రతి ఇంటివారూ ఆలోచించవలసిన విషయమిది.

మరి నిజమైన నేరగాడి మాట పట్టుకునే దారి ఏమిటి అని మీ అల్లుడుగారు అడుగుతారు, అడగాలి కూడా. అందరి తాళాన్నీ బలహీనపరచకుండా, అనుమానించడానికి కారణమున్న ఒక మనిషి ఫోను మీదకు మాత్రమే వెళ్లడం ఆ దారి. పట్టుబడిన ఫోనును ఫోరెన్సిక్ ప్రయోగశాలలో తెరవడం, ముఠాలో ఒకరిని సాక్షిగా తెచ్చుకోవడం, ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న వివరాలను జతపరచడం. 2016లో అమెరికాలో ఉగ్రవాది ఐఫోను తెరిచే సాఫ్ట్‌వేర్ రాసివ్వమని ఎఫ్‌బీఐ ఆపిల్ మీద కోర్టుకు వెళ్లి, విచారణ జరగకముందే మరొకరి సాయంతో ఆ ఒక్క ఫోనును తెరుచుకుని కేసు వెనక్కి తీసుకున్నది. దీనికి ఖర్చవుతుంది, సమయం పడుతుంది, ఒక్కొక్కసారి దొరకదు కూడా. దొరకనప్పుడు ఒక నేరగాడు తప్పించుకుపోయే అవకాశం ఉందని నేను ఒప్పుకుంటాను, ఆ నష్టాన్ని తెలిసే అంటున్నాను. పని కష్టం కావడంలో ఒక మేలుంది. వేలమంది మీద ఊరికే ప్రయోగించడానికి వీలుపడదు కనుక, అవసరమైనవారి మీదే వాడతారు. అయితే ఫోనులోకి దూరే పరికరం చెవి కన్నా తక్కువ ప్రమాదకరమేమీ కాదు, పెగాసస్ చూపించింది అదే. అందువల్ల దానికి న్యాయమూర్తి ముందస్తు అనుమతి తప్పనిసరి కావాలి. బ్రిటన్‌లో మంత్రి సంతకం చేసిన వారంటు కూడా న్యాయ కమిషనర్ ఆమోదిస్తేనే చెల్లుతుంది. (ఆ దేశమూ ఆదర్శం కాదు. వాడకందారులు దాచుకున్న సమాచారాన్ని చూసే దారి ఇవ్వమని ప్రభుత్వం ఆపిల్‌కు రహస్యంగా ఆదేశం ఇచ్చిందన్న వార్తల తరువాత, 2025 ఫిబ్రవరిలో ఆ కంపెనీ అక్కడివారికి ఒక రక్షణ సదుపాయాన్నే ఉపసంహరించుకుంది.) అమెరికాలో విన్న కాలం ముగిసిన తరువాత ఆ మనిషికి తెలియజేయాలన్న నియమం 1968 నుంచి ఉంది, ఏటా ఎన్ని ఉత్తర్వులు ఇచ్చారో, ఎన్నిట్లో ఎన్‌క్రిప్షన్ అడ్డొచ్చిందో కోర్టుల కార్యాలయం ప్రచురిస్తుంది. మన దగ్గర ఆ అంకె కూడా లేదు.

కాబట్టి అర్జీని మళ్లీ రాయించండి. పైభాగంలో పెద్దాయనకు జరిగినది యథాతథంగా ఉండనివ్వండి. తరువాత అడగవలసినది మొదట జిల్లా ఎస్పీని: సైబర్ విభాగానికి చాలినంత సిబ్బంది, 1930 ఫిర్యాదు మీద బ్యాంకు ఎన్ని గంటల్లో ఖాతా నిలిపివేసిందన్న వివరం ఫిర్యాదుదారుకు రాతపూర్వకంగా ఇవ్వడం, అద్దె ఖాతాలు ఇచ్చినవారి మీదా, తప్పుడు పత్రాలతో సిమ్‌లు అమ్మినవారి మీదా కేసులు. ఇవి ఒక పోలీసు అధికారి ఇంట్లో కూర్చుని రాసినా ఇలాగే ఉంటాయి, మీ అల్లుడుగారి చేతనే ఈ భాగం రాయించండి. రెండో ప్రతి మీ ఎంపీకి వెళ్లాలి, ఎందుకంటే టెలిఫోన్లూ సమాచార సాధనాలూ రాజ్యాంగంలో కేంద్ర జాబితాలోవి. ఎండ్-టు-ఎండ్ రక్షణను ఉంచుతూనే, ఫోను వినడానికి గానీ ఫోనులోకి ప్రవేశించడానికి గానీ న్యాయమూర్తి ముందస్తు అనుమతి, అత్యవసరమైతే కొద్ది రోజుల్లో అనుమతి, పని ముగిశాక ఆ వ్యక్తికి తెలియజేయడం, కోర్టు పరిశీలనకు అవకాశం లేకుండా రికార్డులను చెరిపివేయకపోవడం, పార్లమెంటుకు వార్షిక నివేదిక — వీటిని చట్టంలో పెట్టమని ఆయనను సభలో అడగమనండి. మీ చిన్నమ్మాయి ఈ భాగం మీద ఒక రాత్రి కూర్చుంటే బాగా రాయగలదు. ఈ రెండు భాగాలూ ఒకే కాగితం మీద ఉంటే మీరు నిశ్చింతగా సంతకం పెట్టవచ్చు.

మూడో ప్రతి మీ ఎమ్మెల్యేకు ఇవ్వండి. చట్టం కేంద్రానిదే అయినా మన రాష్ట్రంలో ఉత్తర్వులిచ్చేది రాష్ట్ర హోం శాఖ కార్యదర్శి కనుక, గత ఏడాది ఎన్ని ఉత్తర్వులు ఇచ్చారు, సమీక్షా సంఘం ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్నిటిని తప్పుబట్టింది అన్న మూడు ప్రశ్నలు శాసనసభలో వేయవచ్చు. ఎవరి పేరూ, ఏ కేసు వివరమూ అక్కరలేదు, అంకెలు చాలు. ఈలోగా మీ చెల్లెలుగారి ఫోనులోనూ, మీ ఫోనులోనూ వాట్సాప్ సెట్టింగుల్లో చాట్ బ్యాకప్ అన్నచోట చూడండి. సందేశాలు దారిలో ఎంత భద్రంగా వెళ్లినా, గూగుల్ డ్రైవ్‌లో దాచే నకలుకు ఎన్‌క్రిప్షన్ మనం విడిగా ఆన్ చేస్తేనే ఉంటుంది. 2021 నుంచి ఆ వీలుంది. దానికి పెట్టుకున్న పాస్‌వర్డ్ మరిచిపోతే పాత సందేశాలు మళ్లీ రావు కనుక, ఇంట్లో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోమనండి.